సెయింట్ ఆండ్రూస్ బిషప్‌ల కోట: అపోహలు, వాస్తవాలు

స్కాట్లండ్ తూర్పు తీరంలో, ఉత్తర సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ మీద సెయింట్ ఆండ్రూస్ బిషప్‌ల కోట శిథిలాలు ఉన్నాయి. ఆ కోట చూపించి దాని కథ చెప్పడం నా వృత్తి. వచ్చేవాళ్లలో ఇక్కడ చదువుకునే తెలుగు విద్యార్థులు, వాళ్లను చూడడానికి ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఉంటారు. కోట గురించి ఎక్కడో విన్న మాటలు కొన్ని ప్రతి బృందంతోనూ వస్తాయి. వాటిలో చాలావరకు నిజం కాదు. అసలు జరిగినది వాటికంటే ఎంతో ఆసక్తికరంగా ఉంటుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: బిషప్ అంటే మతగురువు. ఆయనకు కోటతో ఏం పని? ఇది ఏ రాజు దగ్గరనుంచో చర్చి చేతికి వచ్చి ఉంటుంది.

వాస్తవం: కట్టించిందే బిషప్. 1200 ప్రాంతంలో బిషప్ రోజర్ హయాంలో ఇది మొదలైంది. మధ్యయుగాల్లో సెయింట్ ఆండ్రూస్ బిషప్ అంటే స్కాట్లండ్ చర్చిలో అందరికంటే పెద్ద. విస్తారమైన భూములున్న ప్రభువు, తగవులు తీర్చే న్యాయాధికారి, రాజుకు సలహాదారు కూడా. ఆయనకు నివాసం, కచేరీ, జైలు, రక్షణ అన్నీ ఒకే ప్రహరీలో కావాలి. మన పిల్లలు చదువుకుంటున్న విశ్వవిద్యాలయాన్ని 1413లో నెలకొల్పిన హెన్రీ వార్డ్‌లా కూడా ఈ కోటలో ఉన్న బిషప్పే.

అపోహ: జార్జ్ విషార్ట్ అనే ప్రొటెస్టెంట్ బోధకుణ్ణి కోట ముందు కాల్చి చంపుతుంటే, ఇప్పుడు మనకు కనిపించే ఆ కిటికీలో కూర్చునే అప్పటి సెయింట్ ఆండ్రూస్ ఆర్చ్‌బిషప్, కార్డినల్ డేవిడ్ బీటన్ చూశాడు.

వాస్తవం: 1546 మార్చి 1న జరిగిన ఆ దహనం నిజం. దానికి గుర్తుగా కోట బయట నేల మీద విషార్ట్ పేరులోని తొలి అక్షరాలను రాళ్లతో పొదిగారు. అయితే అందరూ వేలు పెట్టి చూపించే ముఖభాగం అప్పటికి లేదు. దాన్ని 1550లలో ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ కట్టించాడు. ద్వారం పైన రాతిలో చెక్కిన ఐదు రేకుల పువ్వులను కాసేపు నిలబడి చూడండి. అవి హామిల్టన్ వంశ చిహ్నాలు. లేని కిటికీలోంచి ఎవరూ చూడలేరు.

అపోహ: కోట కింది సొరంగం బిషప్‌లు కేథడ్రల్‌కు వెళ్లే రహస్య మార్గం.

గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందని వింటూ పెరిగినవాళ్లం కాబట్టి మనవాళ్లు ఈ మాట ఇట్టే నమ్మేస్తారు.

వాస్తవం: ఇది యుద్ధం కోసం తవ్విన సొరంగం. ఒకటి కాదు, రెండు. విషార్ట్ చనిపోయిన మూడు నెలలకే, మే 29న, ఫైఫ్ ప్రాంతపు భూస్వాములు కొందరు కోటలోకి చొరబడ్డారు. లోపల కట్టుబడి పనులు జరుగుతున్నాయి. పనివాళ్ల రాకపోకల మాటున వాళ్లు దూరి బీటన్‌ను చంపి, శవాన్ని గోడ మీదినుంచి వేలాడదీశారు. విషార్ట్ చావుకు పగ ఒక్కటే దీనికి కారణం కాదు. సొంత తగాదాలూ ఉన్నాయి. పసిపిల్ల అయిన రాణి మేరీని తన కొడుక్కి చేసుకోవాలన్న ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి బీటన్ పెద్ద అడ్డంకి కూడా.

హంతకులు కోటలోనే పాతుకుపోయారు. రాణి తరఫున పాలిస్తున్న ఆరన్ ప్రభువు ముట్టడించాడు. ఆ చలికాలంలో అతని మనుషులు ఊరి వైపునుంచి బండను తొలుస్తూ ముందు బురుజు కిందికి దారి తీశారు. బురుజు కింద గుల్ల చేసి దాన్ని కూల్చాలని వాళ్ల ఎత్తు. లోపలివాళ్లు ఆ చప్పుడు విన్నారు. ఎటునుంచో సరిగా తెలియదు. ఒకచోట తవ్వారు, తగల్లేదు. మరోచోట తవ్వారు, తగల్లేదు. చివరికి శబ్దాన్నే నమ్ముకుని తొలుచుకుంటూ పోయి శత్రువుల సొరంగం మీదికి చేరుకున్నారు.

1879లో మళ్లీ బయటపడిన ఆ సొరంగాల్లోకి మీరు దిగవచ్చు. లోపలివాళ్లు తవ్వినది ఇరుకుగా, వంకర్లు తిరుగుతూ ఉంటుంది. వంగి నడవాలి. నిచ్చెన దిగి రెండోదానిలోకి అడుగుపెట్టగానే నిటారుగా నిలబడతారు. బయటివాళ్లకు తీరిక ఉంది, లోపలివాళ్లకు లేదు. ఆ తేడా రాతిలోనే కనిపిస్తుంది. ఐరోపాలో ఇలాంటి ముట్టడి సొరంగాలు ఇంత చక్కగా నిలిచి ఉండడం చాలా అరుదు. రహస్య మార్గం అనుకుని చకచకా నడిచి వెళ్లిపోతే ఇదంతా పోగొట్టుకున్నట్టే.

అపోహ: సీసా ఆకారపు చీకటికొట్టులో, స్కాట్లండ్ ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ నాక్స్‌ను బంధించారు.

వాస్తవం: నాక్స్ ఈ కోటకు ఖైదీగా రాలేదు. 1547 ఏప్రిల్‌లో హంతకుల పక్షాన వచ్చి చేరి, ఇక్కడే బోధకుడయ్యాడు. జూలైలో ఆరన్‌కు సాయంగా ఫ్రెంచి నౌకాదళం వచ్చి కోటను పట్టుకున్నాక, అతను ఫ్రెంచి ఓడల్లో 19 నెలలు తెడ్లు వేయాల్సి వచ్చింది. చీకటికొట్టు మాత్రం నిజమైన చెరే. సముద్రం వైపున్న బురుజు కింద సుమారు 7 మీటర్ల లోతున బండలో తొలిచారు. మూతి ఇరుకు, అడుగు వెడల్పు. బీటన్ శవాన్ని ఉప్పు వేసి దాచింది కూడా ఈ సముద్రపు బురుజు అడుగునే.

అపోహ: ఆ ఫ్రెంచి ఫిరంగులే కోటను శిథిలం చేశాయి.

వాస్తవం: దెబ్బ గట్టిగానే తగిలింది, కానీ హామిల్టన్ తిరిగి కట్టించాడు. అంతకుముందు 1337లోనూ ఇంగ్లిషువాళ్లకు దక్కకూడదని స్కాట్లే కూలగొడితే, 1400 నాటికి బిషప్ వాల్టర్ ట్రెయిల్ మళ్లీ లేపాడు. యుద్ధం కూల్చిన ప్రతిసారీ కోట లేచింది. బిషప్‌లు పోయాకే లేవలేదు. 1638లో స్కాట్లండ్ చర్చి మహాసభ బిషప్ పదవినే రద్దు చేసింది. 1650లలో నగర పాలకులు రేవు గోడ మరమ్మతుకు కోట రాళ్లు వాడుకోమన్నారు. తర్వాత బిషప్‌లు కొంతకాలం తిరిగి వచ్చినా కోటకు పూర్వవైభవం రాలేదు. 1689లో ఆ పదవి స్కాట్లండ్ చర్చిలో శాశ్వతంగా పోయింది. మిగిలిన పని సముద్రం చేసింది. బండ అంచు కోసుకుపోయి 1801లో పెద్ద సభామందిరం నీళ్లలో కలిసింది.

అపోహ: శిథిలమే కదా, అరగంట చాలు.

వాస్తవం: చాలదు. సొరంగాలకే తీరిక కావాలి. వాటిని అప్పుడప్పుడు మూసి ఉంచుతారు, అందుకే బయలుదేరే ముందు, ఈ కోటను చూసుకునే సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ వెబ్‌సైటు చూసుకోండి. లోపల నేల తడిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పట్టున్న బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను దిగమని బలవంతపెట్టకండి. వాళ్లు పైన ప్రాంగణంలోనే ఉండి సముద్రపు బురుజు, హామిల్టన్ ముఖభాగం తీరిగ్గా చూడవచ్చు.