గుల్ల మీదే గుల్ల: న్యూయార్క్ రేవుకు ఆల్చిప్పలు తిరిగొచ్చే దారి

ఆల్చిప్ప అనగానే మనకు ముత్యం గుర్తొస్తుంది. న్యూయార్క్ రేవులో పెరిగే ఆల్చిప్పది మాత్రం వేరే కుటుంబం. నగలో పొదిగే ముత్యాలు దాంట్లో దొరకవు. దాని విలువంతా మాంసంలో, గుల్లలో, అది వడకట్టే నీటిలో ఉంది.

హడ్సన్ నది ఒడ్డున అక్కడి ఆదివాసులైన లెనాపే జనం తిని పోసిన గుల్లల దిబ్బలు వేల ఏళ్ల నాటివి. మన్‌హటన్‌లో పెర్ల్ స్ట్రీట్‌కు ఆ పేరు గుల్లల వల్లే వచ్చింది. 1825లో థామస్ డౌనింగ్ అనే నల్లజాతి వ్యాపారి బ్రాడ్ స్ట్రీట్‌లో ఆల్చిప్పల భోజనశాల తెరిచాడు. బ్యాంకర్లు, రాజకీయ నాయకులు అక్కడికే వచ్చి తినేవారు. దాని నేలమాళిగలోనే, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు తలదాచుకునేవారు.

రేవులోని ఆల్చిప్పలకు తిన్నదానికంటే పెద్ద నష్టం చేసింది, గుల్లల్ని తిరిగి నీళ్లలో వేయకపోవడం. వాటిని కాల్చి సున్నం చేశారు, రోడ్లకు పరిచారు. ఆల్చిప్ప పిల్లకు కావలసింది సరిగ్గా ఆ గుల్లే.

ఆల్చిప్ప లార్వా రెండు మూడు వారాలు నీటిలో తేలుతూ తిరుగుతుంది. మిల్లీమీటరులో మూడో వంతు పెరిగాక దానికి కంటిచుక్క, చిన్న పాదం వస్తాయి. ఆ పాదంతో పాకుతూ, తడుముతూ గట్టి చోటు వెతుకుతుంది. దొరికితే జిగురు వదిలి అతుక్కుంటుంది, ఇక జన్మలో కదలదు. బురదలో పడిందా, చచ్చిపోతుంది. తరతరాల గుల్లలు ఒకదానిపై ఒకటి పేరుకునే నీటి అడుగున దిబ్బలు తయారవుతాయి. ఆ దిబ్బ లేకపోతే లార్వాలు లక్షల్లో ఉన్నా లాభం లేదు.

దీనికి మురుగు తోడైంది. 1924 చలికాలంలో ఆల్చిప్పల ద్వారా పాకిన టైఫాయిడ్ అమెరికాను భయపెట్టింది. 1927 నాటికి నగరంలో ఆల్చిప్పలు పట్టే చివరి చోట్లూ మూతపడ్డాయి. 1972లో స్వచ్ఛ జల చట్టం వచ్చాకే నీరు మెల్లగా కోలుకుంది.

2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్ట్ 2035 నాటికి వంద కోట్ల ఆల్చిప్పల్ని రేవులో పెంచాలని పనిచేస్తోంది. పని హోటళ్ల చెత్త దగ్గర మొదలవుతుంది. తినగా మిగిలిన గుల్లల్ని సేకరించి, ఏడాది దాకా ఆరుబయట ఎండకూ వానకూ వదిలేస్తారు. అంటుకున్న మాంసం, రోగక్రిములు పోవాలంటే ఈ ఓపిక తప్పదు. తర్వాత కడిగి తొట్లలో నింపి, కంటిచుక్క వచ్చిన లార్వాల్ని వదులుతారు. కొద్దిరోజుల్లో ఒక్కో గుల్లకు చాలా పిల్లలే అతుక్కుంటాయి. అప్పుడు ఇనప జాలీల్లో పెట్టి రేవులో దించుతారు.

ఎక్కడ దించుతున్నామో చూసుకోకపోతే శ్రమంతా వృథా. అడుగు మెత్తగా ఉంటే గుల్లలు కూరుకుపోతాయి. ఒండ్రు కప్పేస్తే పిల్లలకు ఊపిరాడదు. ఉప్పు బాగా తగ్గితే ఆల్చిప్ప బతకదు, ఎక్కువైతే ఎంఎస్‌ఎక్స్, డెర్మో అనే ఆల్చిప్పల్ని చంపే పరాన్నజీవి రోగాలు విజృంభిస్తాయి. గుల్లకు బెజ్జం పెట్టి లోపలి మాంసాన్ని తినేసే నత్తలూ ఉన్నాయి.

పెద్ద ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల దాకా వడకడుతుందంటారు. అది నీరు వెచ్చగా, అన్నీ అనుకూలంగా ఉన్నప్పటి లెక్క. చలికాలంలో తిండే దాదాపు మానేస్తుంది. మొప్పల మీది సన్నని నూగు నీటిని లోపలికి లాగి నాచు కణాల్ని పట్టుకుంటుంది. అక్కర్లేని మట్టిని జిగురులో చుట్టి బయటికి నెడుతుంది. అది అడుగున చేరాక అక్కడి బ్యాక్టీరియా అందులోని నత్రజనిలో కొంత భాగాన్ని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. నీటికి జరిగే మేళ్లలో ఇది ముఖ్యమైనది. కానీ మురుగులోని క్రిములూ లోహాలూ ఆల్చిప్ప ఒంట్లోనే పేరుకుంటాయి. పెద్ద వాన కురిస్తే న్యూయార్క్‌లో మురుగు నేటికీ రేవులోకే పొంగుతుంది, అందుకే ఈ ఆల్చిప్పల్ని తినకూడదు. మురుగును ఆపాల్సింది మనుషులే, ఆ పని ఆల్చిప్పల మీద వేయడం అన్యాయం.

దించిన జాలీల్ని తర్వాత పైకి తీసి, బతికినవెన్నో లెక్కపెడతారు, గుల్లల పొడవు కొలుస్తారు. అందరి కళ్లూ వెతికేది మాత్రం మనం అతికించని పిల్ల కోసం: ఎక్కడి నుంచో తేలుతూ వచ్చి, పాత గుల్లను తడిమి చూసి, అక్కడే ఉండిపోయిన గోరంత ఆల్చిప్ప కోసం.