చివరి అరబార

కాలాన్ని బాగా చిన్నది చేసి చెప్పాలంటే మనం రెప్పపాటు అంటాం. నిమిషం అన్న మాటకు సంస్కృతంలో మొదటి అర్థం కూడా అదే, రెప్ప వేయడం. ఎంత చురుకైన కన్నైనా ఒకసారి మూసుకుని తెరుచుకోవాలంటే సెకనులో పదో వంతు పడుతుంది. 2008 ఆగస్టు 16న బీజింగ్‌లో ఒక ఈత పందెం అందులో మళ్లీ పదో వంతు తేడాతో తేలింది.

అది ఒలింపిక్స్ పురుషుల 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్. మనకు పంద్రాగస్టు మర్నాడు, శనివారం పొద్దున్నే టీవీలో వచ్చింది. (ఒలింపిక్స్ ఈత ఫైనళ్లు మామూలుగా సాయంత్రాలు పెడతారు. అమెరికాలో రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చునేవాళ్ల కోసం బీజింగ్‌లో వాటిని పొద్దుటికి మార్చారు.) నాలుగో లేన్‌లో సెర్బియా ఈతగాడు మిలొరాద్ చావిచ్. పుట్టింది మాత్రం కాలిఫోర్నియాలో. ఐదో లేన్‌లో అమెరికా వాడు మైకేల్ ఫెల్ప్స్. అప్పటికే ఆ ఒక్క ఒలింపిక్స్‌లోనే ఆరు బంగారు పతకాలు గెలిచి ఉన్నాడు. ఏడోది వస్తే 1972లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ నెలకొల్పిన రికార్డుకు సమానం.

సగం దూరం అయ్యేసరికి చావిచ్ 23.42 సెకన్లతో అందరికంటే ముందున్నాడు. ఫెల్ప్స్ 24.04 సెకన్లు, ఎనిమిది మందిలో ఏడోవాడు. ఆ 0.62 సెకన్లను దూరంలోకి మారిస్తే మీటరు పైమాటే. రెండో సగంలో ఫెల్ప్స్ ఆ దూరాన్ని కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ వచ్చాడు. గోడ దగ్గరికి వచ్చేసరికి కూడా చావిచ్ తల ముందే ఉంది, చేతులు ముందే ఉన్నాయి. చూసినవాళ్లలో చాలామంది చావిచ్ గెలిచాడనే అనుకున్నారు. చివర్లో తను చేసిన పని కొంప ముంచిందని ఫెల్ప్స్ కూడా అనుకున్నాడు. బోర్డు మీద పడిన అంకెలు వేరు: ఫెల్ప్స్ 50.58, చావిచ్ 50.59.

సెర్బియా జట్టు అభ్యంతరం చెప్పింది. అధికారులు వీడియో దృశ్యాలు చూపించారు. గొడవ అక్కడితో ముగిసింది. కానీ కన్ను ఎందుకు మోసపోయిందన్న ప్రశ్న మిగిలింది, నాకైతే పతకాల లెక్క కంటే అదే ఆసక్తి.

ఫెల్ప్స్ గెలుపులకు జనం చెప్పే కారణాల్లో మొదటిది అతని చేతుల పొడవు. రెండు చేతులూ బారజాపి వేలి కొస నుంచి వేలి కొసకు కొలిస్తే మనవాళ్లు ఒక బార అంటారు. మామూలుగా మనిషి బార అతని ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు, బార 201. ఈతలో చేయి ఒకసారి తిప్పడాన్ని కూడా మనం బార అనే అంటాం, బారలు వేసి ఈదాడు అంటాం కదా. ఈ పందెంలో అసలు సంగతి ఆ రెండో రకం బారలో ఉంది. పొడుగు చేతులు అతనికి అంతకు ముందూ ఉన్నాయి, ఆ తర్వాత ఓడిపోయిన రోజునా ఉన్నాయి.

బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీళ్లలో వెనక్కి లాగాలి, ఒకేసారి నీటి పైనుంచి ముందుకు తేవాలి. 1930ల్లో బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదేవాళ్లు నిబంధనల్లో సందు చూసుకుని చేతులు నీటిపైకి ఎత్తడంతో ఇది మొదలైంది. 1952లో విడి పద్ధతిగా గుర్తించారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు. ఒక్కో బారకు రెండు కాలితన్నులు: చేతులు ముందు నీళ్లలో దిగేటప్పుడు ఒకటి, తొడల దగ్గర వెనక్కి నెట్టేటప్పుడు రెండోది.

ఫ్రీస్టయిల్‌లో ఒక చేయి గాల్లో ఉన్నప్పుడు రెండోది నీళ్లను లాగుతూనే ఉంటుంది. బటర్‌ఫ్లైలో ఆ వెసులుబాటు లేదు. రెండు చేతులూ గాల్లో ఉన్నంతసేపు లాగే చేయి లేదు, ఉన్న వేగాన్ని నీళ్లు తినేస్తుంటాయి. మళ్లీ లాగుతాం, వేగం పెరుగుతుంది. మళ్లీ చేతులు పైకి, వేగం పడిపోతుంది. రెడ్ సిగ్నళ్ల రోడ్డు మీద బండి నడిపినట్టు ప్రతి బారలోనూ ఈ ఎత్తుపల్లాలు తప్పవు. 100 మీటర్ల పందెంలో సగటు వేగం సెకనుకు రెండు మీటర్లకు దగ్గరగా ఉంటుంది గానీ, ఏ క్షణం పట్టుకుని కొలిచినా సరిగ్గా ఆ సగటు దొరకడం అరుదు.

చిక్కు గోడ దగ్గర వస్తుంది. బారలు లెక్క ప్రకారం పూర్తిగా వేయాలి, గోడ మాత్రం మన లెక్క చూసుకుని నిలబడదు. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందో లేదో తెలియక కాలు తడబడుతుందే, అలాంటిదే. మంచి ఈతగాళ్లు బారలు లెక్కపెట్టుకుంటారు. ఈ పందేనికి మూడు రోజుల ముందు 200 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు నిండిపోయి ఏమీ కనిపించలేదు. బారల లెక్కతోనే గోడ ఎక్కడుందో అంచనా వేసి, ప్రపంచ రికార్డుతో గెలిచాడు. అయితే అలసిన శరీరంలో ఒక్కో బార కాస్త కురచవుతుంది, అప్పుడు చివర కొంత దూరం మిగిలిపోతుంది. ఇంకో బార పూర్తిగా వేయడానికి చాలదు, ఊరికే జారి చేరుకోవడానికి ఎక్కువ.

ఆ మిగులు ఇద్దరికీ వచ్చింది. చావిచ్ చేతులు చాపి జారాడు. ఫెల్ప్స్ సగం బార, కురచగా, గబుక్కున వేశాడు.

జారడం తప్పేమీ కాదు. దూరం బాగా తక్కువైతే అదే మేలు. కానీ నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. పైగా వేగం రెట్టింపైతే నీటి అడ్డు నాలుగింతలవుతుంది. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసి చూద్దాం. 90 కిలోల మనిషి సెకనుకు రెండు మీటర్ల వేగంతో చేతులు చాపి జారుతున్నాడనుకోండి. నీళ్లు అతన్ని సుమారు 100 న్యూటన్ల బలంతో వెనక్కి పడతాయి, అంటే పది కిలోల బస్తా ఎదురు లాగినట్టు. అర సెకను గడిచేసరికి వేగంలో ఐదో వంతు పోతుంది. తల కొంచెం ఎత్తితే ఇంకా నష్టం: తల లేస్తే నడుము దిగుతుంది, నీటికి ఎదురయ్యే ఒంటి వెడల్పు పెరుగుతుంది. గోడను చూసుకోవాలన్న ఆత్రంలో చావిచ్ తల కాస్త లేచిందని ఆ దృశ్యాలు పరిశీలించినవాళ్లు చాలామంది చెప్పారు.

ఇక ఫెల్ప్స్ చేతులు చూడండి. అవి నీళ్లలో లేవు, గాల్లో ఉన్నాయి. అడ్డు దాదాపు సున్నా. కదిలే రైల్లో ఇంజను వైపు పరుగెత్తే మనిషిలాగా, ఒంటి వేగానికి చేతులు ఊగే వేగం కలిసింది. చావిచ్ వేళ్లు గోడకు దగ్గరగానే ఉన్నాయి, కానీ ఒళ్లు ఎంత వేగంగా జారితే అవీ అంతే. ఆ వేగం తగ్గుతోంది. ఫెల్ప్స్ వేళ్లు వెనక ఉన్నాయి, కానీ దూసుకొస్తున్నాయి. చేతులు అలా ముందుకు విసిరితే న్యూటన్ మూడో సూత్రం ప్రకారం మొండెం కాస్త వెనక్కి తగ్గాలి, నిజమే. గోడను తాకాల్సింది మొండెం కాదుగా!

కన్ను మోసపోయింది ఇక్కడే. మనం ఎవరు ఎక్కడున్నారో చూస్తాం. ఎవరి వేళ్లు ఎంత వేగంతో వస్తున్నాయో అంత సూక్ష్మంగా చూడలేం. సెకనులో వందో వంతులో ఈతగాడు కదిలేది రెండు సెంటీమీటర్లు, బొటనవేలి వెడల్పు.

కంటిని నమ్ముకుంటే ఏమవుతుందో 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో తెలిసొచ్చింది. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో ఆస్ట్రేలియా వాడు జాన్ డెవిట్‌కు ముగ్గురు మనుషులు స్టాప్‌వాచీలతో కొలిస్తే ముగ్గురికీ 55.2 వచ్చింది. అమెరికా వాడు లాన్స్ లార్సన్‌కు 55.0, 55.1, 55.1. అయినా న్యాయనిర్ణేతల కళ్లు ఇటు సగం అటు సగం చీలిపోయి, చివరికి బంగారు పతకం డెవిట్‌కిచ్చారు. లార్సన్ సమయాన్ని కూడా 55.2గా రాసేశారు! ఆ పందెం తర్వాతే విద్యుత్ పరికరాల మీద పట్టుదల పెరిగింది. 1968 మెక్సికో నాటికి గోడకు తగిలించే టచ్‌ప్యాడ్లు ఒలింపిక్స్‌లోకి వచ్చాయి.

ఈ ప్యాడ్ ఒక సెంటీమీటరు మందం పలక. నీళ్లలో ఎప్పుడూ అలలు కొడుతూనే ఉంటాయి కాబట్టి అలకు స్పందించకూడదు, చేతి ఒత్తిడికే స్పందించాలి. అంటే గడియారం ఆపేది వేలి కొస ఆనడం కాదు, ప్యాడ్‌ను నొక్కడం. వేగం తగ్గి జారుతూ వచ్చిన వేలు ముందు ఆని తర్వాత నొక్కుతుంది. ఊపుతో వచ్చిన చేయి ఆనడమూ నొక్కడమూ దాదాపు ఒకటే. చావిచ్ వేళ్లు ముందు ఆనాయని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఆనాయే అనుకుందాం, గెలుపుకు కొలత మాత్రం నొక్కడమే, ఆ కొలత పందేనికి ముందే అందరికీ తెలుసు.

మరి ఇంత నాజూకైన యంత్రం ఉండగా వందో వంతు దగ్గరే ఎందుకు ఆగారు? ఆగలేదు, ఒకసారి ముందుకు వెళ్లి వెనక్కి వచ్చారు. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల మెడ్లీలో (నాలుగు రకాల ఈతలూ కలిపిన పందెం) స్వీడన్ వాడు గున్నార్ లార్సన్, అమెరికా వాడు టిమ్ మెకీ వందో వంతు దాకా సమానం. వెయ్యో వంతుకు వెళ్లి, 4 నిమిషాల 31.981 సెకన్ల లార్సన్‌ను విజేతగా ప్రకటించారు. మెకీది 31.983. ఆ తేడా దూరంలో మూడు మిల్లీమీటర్లు. 50 మీటర్ల కొలను కట్టేటప్పుడు లేన్ పొడవు తగ్గకూడదు గానీ మూడు సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఉండొచ్చని అప్పటి నిబంధన. ఒక లేన్‌కూ ఇంకో లేన్‌కూ మధ్య సెంటీమీటర్లను క్షమించి, ఈతగాళ్ల మధ్య మిల్లీమీటర్లు లెక్కపెట్టడం ఏం న్యాయం? తర్వాత వెయ్యో వంతును వదిలేశారు.

ఇదే లెక్క బీజింగ్‌కు తెస్తే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. 100 మీటర్లంటే కొలను రెండుసార్లు ఈదాలి, అప్పటి నిబంధన ఒప్పుకున్న తేడా ఆరు సెంటీమీటర్ల దాకా పోవచ్చు. అంటే సెకనులో వందో వంతులు మూడు. బీజింగ్ కొలనులో అలాంటి తేడా ఉందని నేననడం లేదు. నిబంధన అంత చోటు ఇచ్చిందని మాత్రమే.

మరుసటి ఏడాది, 2009లో, రోమ్ ప్రపంచ పోటీల్లో ఇద్దరూ మళ్లీ తలపడ్డారు. ఫెల్ప్స్ 49.82, చావిచ్ 49.95. ఈతగాడి వేగం పెంచే ఆ కాలపు పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సూట్ల పుణ్యం కూడా అందులో ఉంది, అది వేరే కథ.

2012 లండన్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌లో చివరి మీటర్ల దాకా ఫెల్ప్స్‌దే ముందంజ. గోడ దగ్గర మళ్లీ అదే మిగులు. ఈసారి చేతులు చాపి జారింది ఫెల్ప్స్, గబుక్కున చేతులు విసిరింది 20 ఏళ్ల దక్షిణాఫ్రికా కుర్రాడు చాడ్ లె క్లో. అతను 1 నిమిషం 52.96 సెకన్లు, ఫెల్ప్స్ 1 నిమిషం 53.01. నాలుగేళ్ల కింద చావిచ్ నిలబడిన చోట ఫెల్ప్స్ నిలబడ్డాడు.

2016 రియోలో మళ్లీ 100 మీటర్ల బటర్‌ఫ్లై. సింగపూర్ వాడు జోసెఫ్ స్కూలింగ్ 50.39తో గెలిచాడు. 2008లో బీజింగ్ వెళ్లే ముందు అమెరికా జట్టు సింగపూర్‌లో సాధన చేస్తున్నప్పుడు ఫెల్ప్స్ పక్కన నిలబడి ఫొటో దిగిన పిల్లవాడే ఇతను. ఆ వెనక ముగ్గురు గోడను నొక్కారు: ఫెల్ప్స్, లె క్లో, హంగరీ వాడు లాస్లో చే. బోర్డు మీద ముగ్గురికీ 51.14. వెయ్యో వంతు ఎవరూ అడగలేదు. ముగ్గురికీ వెండి పతకాలిచ్చారు, కంచు పతకం ఆ రోజు ఎవరికీ ఇవ్వలేదు.