డాక్టరు పొమ్మన్నాక ఎందుకు కూర్చున్నాం?

బిడ్డలారా,

నానమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు పొద్దున్నే "ఇక ఇంటికెళ్లొచ్చు" అన్నారు. మనం సంచులు సర్దుకుని సాయంత్రం దాకా కూర్చున్నాం. "పొమ్మన్నాక కూడా ఎందుకు పోనివ్వట్లేదు తాతా?" అని చిన్నది అడిగింది. ఆ టెన్షన్‌లో నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

ఇన్సూరెన్స్ అంటే ఊరి చెరువు అనుకోండి. అందరూ తలా కొంత వేసుకుని కట్టను కాపాడుకుంటారు. ఎవరి మడి ఎండితే వాళ్లకు తూము తీస్తారు. మా ఊళ్లో ఆ పనికి నీరటి ఉండేవాడు. ఒక ఎండాకాలం మా నాన్న నన్ను కాలువ దగ్గర కూర్చోబెట్టి ఆయన్ని పిలవడానికి వెళ్లాడు. చాలాసేపటికి మొదటి నీళ్లు ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆస్పత్రిలో మనం ఎదురుచూసిందీ నీరటి కోసమే. బిల్లుకు కంపెనీ సరే అనాలి. హైదరాబాద్‌లో ఐఆర్‌డీఏఐ అని బీమా కంపెనీల మీద పెద్ద ఆఫీసు ఉంది. 2024లో వాళ్లు గట్టి రూలు పెట్టారు. క్యాష్‌లెస్ (మన చేతి డబ్బు పెట్టకుండా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జికి మూడు గంటల్లో సరే అనాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే కట్టాలి. మనకు ఏడు గంటలు పట్టింది. ఆ రూలు చూపించి నేను అడగాల్సింది. మీరు పెద్దయ్యాక తప్పకుండా అడగండి.

మడి ఎండాకే చెరువులో వాటా కావాలని అందరూ వస్తే నీళ్లు ఎక్కడ సరిపోతాయి? అందుకే ముందునుంచీ జబ్బున్నవాళ్లకు వెయిటింగ్ పీరియడ్ పెడతారు, అంటే పాలసీ తీసుకున్నాక కొంతకాలం ఆ జబ్బు ఖర్చు ఇవ్వరు. అది నాలుగేళ్ల దాకా ఉండేది, ఇప్పుడు మూడేళ్లు దాటకూడదు. పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ సంగతి రాయొద్దని ఏజెంటు అన్నా నానమ్మ ఒప్పుకోలేదు, రాయించింది. ఐదేళ్లు ఆపకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, "అప్పుడు చెప్పలేదు" అని క్లెయిము కొట్టేయకూడదు. ఇదివరకు ఎనిమిదేళ్లు ఆగాలి. అయినా నిజం రాసినవాళ్లకు ఆ ఐదేళ్లూ హాయిగా నిద్ర పడుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి మనలాంటి కుటుంబ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు.

బీరువా పై అరలో నీలం ఫైలు ఉంది, దించండి. పాలసీ మొదలైన తేదీ వెతికి, అక్కడి నుంచి ఐదేళ్లు వేళ్ల మీద లెక్కపెట్టండి. వెయిటింగ్ పీరియడ్ ఉన్న పేజీ నానమ్మకు చదివి వినిపించండి. ఆ అక్షరాలు ఆమెకు ఆనవు.

మీ తాత