మోకీలు మళ్లీ మార్చాల్సి వస్తుందా? ఆ లెక్క వెనక కథ

విశాఖ కేజీహెచ్ ఎముకల ఓపీలోనైనా, ఆరిలోవ హెల్త్ సిటీలోనైనా మోకీలు మార్పిడికి సరేననే ముందు శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ అడిగేది ఒకటే: "ఎన్నేళ్లు వస్తాది బాబూ? మళ్లీ కొయ్యక్కర్లేదు కదా?" డాక్టరు "పదిహేను, ఇరవై ఏళ్లు ఢోకా లేదమ్మా" అంటారు. ఆ మాట ఎక్కడో ఎవరో ఏళ్ల తరబడి లెక్క రాసిపెట్టబట్టే వచ్చింది.

తొలి కృత్రిమ మోకీళ్లు తలుపు బందుల్లాంటివి, ఒక్క వైపే వంగేవి. మనిషి తిరిగినప్పుడు పడే మెలి ఒత్తిడంతా ఎముకకూ, దానికి మోకీలును అతికించే సిమెంటుకూ మధ్య చేరి, కొన్నాళ్లకే వదులైపోయేవి. 1974లో న్యూయార్క్‌లో వచ్చిన టోటల్ కాండిలార్ నమూనా బందును తీసేసింది. తొడ ఎముకకు లోహపు తొడుగు, కింది ఎముక మీద ప్లాస్టిక్ పళ్లెం పెట్టింది. ఇప్పటి మోకీళ్లకు మూలం అదే. మరుసటి ఏడాది, 1975లో, స్వీడన్ దేశవ్యాప్త మోకీలు రిజిస్ట్రీ, అంటే ఎవరికి ఏ మోకీలు పెట్టారో, మళ్లీ ఎప్పుడు మార్చారో రాసే చిట్టా, మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో 1999లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003లో రిజిస్ట్రీలు వచ్చాయి.

అలాంటి లెక్కలో తొలినాళ్లలో ఒక తిరకాసు ఉండేది. రివిజన్ (పెట్టిన మోకీలును మళ్లీ ఆపరేషన్ చేసి మార్చడం) అవసరం రాకుండానే చనిపోయినవారిని, బతికుంటే వాళ్లకీ మిగతావారిలాగే రివిజన్ జరిగేదన్నట్టు లెక్కగట్టేవారు. దాంతో వృద్ధుల్లో ముప్పు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించేది. మరణాన్నీ లెక్కలోకి తీసుకుని బ్రిటన్ రికార్డులతో చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 70 దాటాక మార్పిడి చేయించుకుంటే జీవితకాలంలో రివిజన్ ముప్పు సుమారు 5 శాతం. 50ల తొలి ఏళ్లలో చేయించుకున్న మగవారికి దాదాపు 35 శాతం. వయసు తర్వాత చూడాల్సినవి అదుపులో లేని షుగరు, బరువు, పొగతాగడం, అదే మోకాలికి పాత ఆపరేషన్లు. తొలి రెండేళ్లలో రివిజన్‌కు పెద్ద కారణం ఇన్ఫెక్షన్. వదులవడం, అరగడం ఎక్కువగా ఆ తర్వాతి సంగతి.

ఈ అంకెల్ని విశాఖకు యథాతథంగా తెచ్చుకోకూడదు. స్వీడన్‌లో ప్రతి పౌరుడికీ ఒక నంబరుంటుంది, ఏ ఊళ్లో రివిజన్ జరిగినా అది పాత ఆపరేషన్‌కు జతపడుతుంది. మన దగ్గర సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది గానీ, అందులో వివరాలివ్వడం స్వచ్ఛందం. ఇక్కడ మోకీలు పెట్టించుకుని హైదరాబాద్‌లోనో చెన్నైలోనో తీయించుకుంటే రెండూ ఒకే మనిషివని ఎవరికీ తెలియకపోవచ్చు. 2017 ఆగస్టులో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధరల్లో మామూలు కోబాల్ట్ క్రోమియం మోకీలు 54,720 రూపాయలు, రివిజన్‌ది 1,13,950. జీఎస్టీ అదనం. ఆ డబ్బు లేక నొప్పిని పళ్లబిగువున భరించేవాళ్లు ఏ రివిజన్ లెక్కలోనూ ఉండరు. నిజానికి ముందు లెక్కపెట్టాల్సింది వాళ్లనే.

ఇలా లెక్కలు జతపడని చోట రోగి చేతిలో ఉన్న ఆధారం ఇంప్లాంట్ స్టిక్కర్లే. ఇంప్లాంట్ డబ్బాలోంచి తీసిన స్టిక్కర్లను థియేటర్ సిబ్బంది కేసుషీటులో అంటిస్తారు. తొడ భాగానికి ఒకటి, కింది లోహపు పళ్లేనికి ఒకటి, రెంటి మధ్య అమర్చే ప్లాస్టిక్ ముక్క ఇన్‌సర్ట్‌కు ఒకటి, మోకాలి చిప్పకు తొడుగు వేస్తే దానికొకటి. కంపెనీ, మోడల్, సైజు, కుడా ఎడమా, లాట్ నంబరు అన్నీ వాటి మీదే ఉంటాయి. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం చాలాసార్లు "టీకేఆర్ (మోకీలు మార్పిడి) చేయబడింది" అని ఒక్క ముక్కే ఉంటుంది.

ఆపరేషనైన కొద్ది వారాల్లోనే చీము పడితే, లోహాన్ని కదపకుండా లోపల కడిగి ఇన్‌సర్ట్ ఒక్కటే మార్చి కాపాడే అవకాశం ఉంటుంది. అదే మోడల్, అదే సైజు ఇన్‌సర్ట్ దొరికితేనే ఆ పని కుదురుతుంది. ఏది పెట్టారో కాగితం లేకపోతే, గట్టిగా అతికిన లోహాన్ని కూడా ఎముక చెక్కి తీయాల్సి రావచ్చు. డిశ్చార్జి రోజునే ఆ స్టిక్కర్ల పేజీ జిరాక్స్ అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పిల్లలకూ పంపండి.