రాయికి అవతలి నుంచి చూస్తే

అంబులెన్స్ ముందు భాగంలో అక్షరాలు తిరగేసి రాసి ఉంటాయి కదా. మనకు వింతగా కనిపిస్తాయి గానీ ముందు వెళ్తున్న కారు డ్రైవర్‌కు అద్దంలో సరిగ్గానే కనబడతాయి, ఎందుకంటే ఆ రాత అతని కోసమే. చైనాలో ఆరో శతాబ్దంలో ఒక సమాధి ముందు ఇలాంటి పనే చేశారు, కాకపోతే అక్కడ అద్దమూ లేదు, డ్రైవరూ లేడు.

లియాంగ్ వంశపు చక్రవర్తి వూ 502లో సింహాసనం ఎక్కగానే, అప్పటికే చనిపోయిన తన తండ్రికి కూడా 'వెన్ చక్రవర్తి' అనే బిరుదు ఇచ్చాడు. నాన్‌జింగ్‌కు తూర్పున దాన్యాంగ్ దగ్గరున్న ఆ తండ్రి సమాధి ముందు ఒక జత రాతి స్తంభాలు ఉన్నాయి. రెండింటి మీదా అవే ఎనిమిది అక్షరాలు, అర్థం సుమారుగా 'వెన్ చక్రవర్తి ఆత్మ నడిచే దారి' అని. ఒకదాని మీద మామూలుగా చదువుకోవచ్చు. రెండోదాని మీద మాత్రం, కాగితాన్ని తిప్పి వెలుతురుకు పట్టి వెనక నుంచి చూసినట్టు, ప్రతి అక్షరానికీ కుడి ఎడమలు మారిపోయి ఉంటాయి.

జంట స్తంభాలు కాబట్టి అందానికి అలా చెక్కారని సరిపెట్టుకోవచ్చు. కళా చరిత్రకారుడు వూ హుంగ్ మాత్రం ఆ రాయిని గాజులా ఊహించుకోమంటాడు, అప్పుడు అవతలి వైపు, అంటే చనిపోయినవాళ్ల వైపు నిలబడి చూస్తే అది సరైన రాతే. మొదట వినగానే ఇది మరీ కవిత్వంలా ఉందే అనుకున్నాను. ఆ కాలంలోదే ఇంకో బొమ్మ చూశాక అంత తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను.

ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో, క్యాన్సస్ సిటీలోని నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉన్న ఒక రాతి శవపేటిక మీద ఉంది. ఉత్తర చైనాను ఏలిన ఉత్తర వెయ్ వంశపు కాలం నాటి ఆ పేటిక పక్కల మీద పాతకాలపు ఆదర్శ పుత్రుల కథలు సన్నటి గీతలతో చెక్కారు. అందులో వాంగ్ లిన్ అనే అతను, తమ్ముణ్ని దొంగలు పట్టుకుంటే వాళ్ల ముందు మోకరిల్లి, వాణ్ని వదిలేసి నన్ను తీసుకెళ్లండి అంటాడు. బొమ్మలో ఒక సగంలో దొంగలు కొండ సందులోంచి మన మీదకే వస్తున్నట్టు ఉంటారు. పక్క సగంలో వాళ్లే ఇంకో లోయలోకి వెళ్లిపోతుంటారు, మనకు వీపులు తప్ప ఏమీ కనిపించవు. దూరం చూపించాలంటే గీతలన్నీ ఒక బిందువు దగ్గర కలవాలని మనకు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ నేర్పారు, ఈ శిల్పి అదేమీ లేకుండా మనుషుల్ని అటు ఇటు తిప్పి, నున్నటి రాతి పలకలో ఒక లోతును తవ్వేశాడు. వెళ్లేవాళ్ల వీపులు చూస్తున్నప్పుడు అవతల ఉన్నవాళ్లకు వాళ్ల ముఖాలు కనబడుతుంటాయి కదా అన్న ఆలోచన దానంతటదే వస్తుంది.

గుహాలయాల సంగతి వేరే, అక్కడ చూసేవాడు బతికే ఉన్నాడు, పైగా నడుస్తున్నాడు. వాయవ్య చైనాలో దున్‌హువాంగ్ దగ్గర మొగావో బౌద్ధ గుహలు 366లో మొదలయ్యాయని చెబుతారు. ఉత్తర వెయ్ కాలపు 257వ గుహలో మధ్యన చదరపు స్తంభం, చుట్టూ ప్రదక్షిణకు దారి ఉంటాయి (మన గుంటుపల్లిలో గుండ్రటి గుహ మధ్య స్తూపం చుట్టూ తిరుగుతామే, మూలం అదే ఆచారం). వెనక గోడ మీద తొమ్మిది రంగుల జింక జాతక కథ, అంటే బుద్ధుడి పూర్వజన్మ కథ, ఉంది. జింక ఒకణ్ని నీళ్లలోంచి కాపాడుతుంది. దాని చర్మం కావాలని రాణి అడిగితే, వాడే రాజుకు దాని జాడ చెబుతాడు. ఎడమ చివర నీళ్లు, కుడి చివర అంతఃపురం, రెండు వైపుల నుంచీ కథ లోపలికి నడుచుకుంటూ వచ్చి నడుమ కలుస్తుంది, అక్కడ జింక తల ఎత్తి రాజుకు ఎదురుగా నిలబడుతుంది. స్తంభాన్ని కుడి చేతి వైపు ఉంచుకుని వెళ్లే భక్తుడికి ముందు రక్షణ, తర్వాత ఆ ఎదురుపడటం, ఆ తర్వాతే కుట్ర కనిపిస్తాయి. పుస్తకంలో ఇలా రాస్తే ఎడిటర్ తిడతాడు, గోడ మీద మాత్రం భలే కుదిరింది.

మళ్లీ భూమి కిందకి వెళ్తే, ఉత్తర చైనాలోని తైయువాన్‌లో 571లో పోయిన షూ షియాన్‌షియు అనే అధికారి సమాధి గది ఉంది. తలుపు మూసేశాక ఎవరూ చూడకూడని గది, అయినా భార్యాభర్తలిద్దరూ ఎదుటి గోడ మీద నుంచి నేరుగా మన కళ్లలోకే చూస్తుంటారు, చుట్టూ వాయిద్యగాళ్లు. ఒక పక్క గోడ మీద జీను వేసిన గుర్రం, దాని మీద ఎవరూ లేరు. ఎదురు గోడ మీద ఎద్దు బండి సిద్ధంగా ఉంది, అదీ ఖాళీయే.