ఫ్లోరైడ్ పేరు చెప్పి చెత్త నీళ్లను వదిలేద్దామా?

నల్గొండ జిల్లాలో ఊరి చివర మూతబడ్డ డంపింగ్ యార్డు పక్కన బోరు నీళ్ల గురించి ఎవరైనా అడిగితే ముందుగా వినిపించే మాట ఒకటే: "ఇక్కడి నీళ్లు మొదట్నుంచీ పాడే కదా, యార్డు కొత్తగా చెడగొట్టిందేముంది?" ఈ మాట వెనుక పెద్ద చరిత్రే ఉంది కాబట్టి దాన్ని ఊరికే కొట్టిపారేయలేం, అలాగని ఒప్పుకోనూ కూడదు.

మన నేల గ్రానైట్ రాయి. ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. నిజాం కాలంలోనే, 1945లో, హైదరాబాద్ రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు) గురించి వైద్య పత్రికలో రాశారు. 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి వచ్చి దానికి మన జిల్లా పేరే పెట్టారు. అయినా జనం నడుములు వంగుతూనే ఉంటే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానంలో, నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద నిరసనగా బరిలో నిలిచినవాళ్లతో అభ్యర్థుల సంఖ్య 480కి చేరి, బ్యాలెట్ పత్రం పుస్తకమైపోయింది. తర్వాత కృష్ణా నీళ్లు, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి.

అదే 1996లో చెత్త సంగతి కూడా సుప్రీంకోర్టుకెక్కింది. పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన ఆ కేసు ఫలితంగానే 2000లో పట్టణ చెత్త నిబంధనలు వచ్చాయి. కొత్తగా చెత్త పూడ్చే చోట అడుగున 90 సెంటీమీటర్ల బంకమన్ను, దానిపైన 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలన్నారు. మరి మన పాత యార్డుల కింద ఏముంది? చెరువు శిఖం భూమో, రాళ్లు తీసిన క్వారీ గుంతో ఖాళీగా కనబడితే ట్రాక్టర్లు తెచ్చి గుమ్మరించారు, అంతే. వానాకాలంలో ఆ గుట్ట మొదట్లో నల్లగా, పైన నూనె తేలినట్టు మెరుస్తూ నీళ్లు ఊరతాయి. పక్క చేను బోరుకు కేసింగ్ పైపు మెత్తటి నేల దాటి గట్టి రాయి తగిలేదాకే దింపుతారు, ఆ కింద అంతా వట్టి రాతి బొక్కే, కాబట్టి ఆ నల్లనీళ్లు ఏ పగులు పట్టుకుని ఏ బోరులో తేలతాయో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

ఇక అసలు చిక్కు: శుభ్రం చేయడమంటే ఎంతవరకు? 2000 నిబంధనలు యార్డు అంచు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భజలాన్ని పరీక్షించాలన్నాయి, మూసేశాక కూడా 15 ఏళ్లు చూస్తూ ఉండమన్నాయి. లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు, క్లోరైడ్ 250, కరిగిన లవణాలు 500 దాటకూడదని వాటి పట్టికలో ఉండేది. ఆ పట్టికలో ఫ్లోరైడ్ ఊసే లేదు! అంటే ఫ్లోరైడ్‌ను అడ్డం పెట్టుకుని తప్పించుకోవడానికి అసలు వీల్లేదు. కాకపోతే లవణాల దగ్గర ఇబ్బంది నిజమే, చెత్త జాడే లేని మన బోర్లలోనూ 500 దాటడం మామూలు. వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనలు పాత గుట్టలను తవ్వి జల్లెడ పట్టి ఖాళీ చేసే పని మీద దృష్టి పెట్టాయి. 2025 జులైలో కేంద్రం కలుషిత ప్రదేశాల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది గానీ, మామూలు చెత్త డంపులు నేరుగా వాటి కిందికి రావు, విష రసాయనాలు కలిసి ఒక స్థాయి దాటితేనే లెక్కలోకి వస్తాయి.

నా మట్టుకు నాకు కొలబద్ద ఒకటే కనిపిస్తోంది. యార్డుకు ఎగువన, అదే రాతిలో, అంతే లోతున్న బోరు నీళ్లు ఎలా ఉన్నాయో దిగువ బోరు కూడా అలా అయ్యేదాకా పని పూర్తయినట్టు కాదు. ఫ్లోరైడ్ రాతిది, అది రెండు బోర్లలోనూ ఉండొచ్చు. క్లోరైడ్, అమ్మోనియా దిగువ బోరులోనే ఎక్కువగా కనబడితే మాత్రం యార్డును అనుమానించాల్సిందే. క్లోరైడ్ అయితే రాయికి అంటుకోదు, కుళ్లి మాయం కాదు, నీళ్లతో పాటే నడుస్తుంది. సెప్టిక్ ట్యాంకుల నుంచీ వస్తుంది కదా అంటారు, నిజమే, అందుకే ఎగువ బోరు పక్కన పెట్టి చూడాలంటున్నాను.

"ఇప్పుడు నల్లా నీళ్లున్నాయి, బోరు నీళ్లు ఎవరు తాగుతున్నారు, ఇంత ఖర్చు ఎందుకు" అనేవాళ్లూ ఉన్నారు. ఆ బోరు నీళ్లే బర్లు తాగుతాయి, వరికి, కూరగాయలకు పారతాయి, పైపు పగిలి రెండ్రోజులు నల్లా రాకపోతే బిందెలు మళ్లీ అక్కడికే వెళ్తాయి. ఫ్లోరైడ్‌తో ఇన్నేళ్లు నలిగిన మనుషులకు రెండో విషాన్ని సర్దుకోమనడం అన్యాయం.

గుట్ట తవ్వే పనికి లెక్క టన్నుల్లో, ఖాళీ అయిన ఎకరాల్లో చూపిస్తారు. అది మొదలవకముందే ఎగువ, దిగువ బోర్ల నీళ్లను ఒకే రోజు పట్టి, ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించి, ఆ అంకెలను వార్డు ఆఫీసు గోడ మీద అంటించమని అడగాలి. గుట్ట పోయాక అడిగితే పోల్చడానికి పాత అంకెలే ఉండవు.