వేలంలో గిటార్లు, వెంచర్లలో రేడియో టవర్లు

2020లో రెండు సంగతులు జరిగాయి. జూన్‌లో నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ గిటార్, 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కార్యక్రమంలో వాయించిన పాత మార్టిన్ కంపెనీ గిటార్, జూలియన్స్ సంస్థ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. నవంబర్‌లో వాషింగ్టన్ పక్కనున్న బెథెస్డాలో డబ్ల్యూఎంఏఎల్ అనే ఏఎం (మీడియం వేవ్) రేడియో స్టేషన్ టవర్లు కూల్చేశారు, వాటి కిందున్న 75 ఎకరాలూ ఇళ్ళ వెంచర్‌కి పోయాయి. మొదటిది ప్రపంచమంతా వార్త. రెండోది రేడియో పిచ్చి ఉన్నవాళ్ళకి తప్ప పెద్దగా ఎవరికీ పట్టలేదు. నాకు మాత్రం ఇవి ఒకే తాడుకి రెండు కొసలనిపిస్తుంది, ఎందుకో చెప్పాలంటే 1953 దాకా వెనక్కి వెళ్ళాలి.

ఆ వేసవిలో మెంఫిస్‌లో, అప్పుడే హైస్కూల్ పూర్తిచేసిన ఎల్విస్ ప్రెస్లీ ఒక చిన్న స్టూడియోకి వెళ్ళి, సుమారు నాలుగు డాలర్లు కట్టి, రెండు పాటలు పాడి రికార్డు చేయించుకున్నాడు. వాళ్ళు ఇచ్చింది అసిటేట్. ఫ్యాక్టరీలో అచ్చయ్యే రకం కాదది, పూత పూసిన ప్లేటు మీద అప్పటికప్పుడు సూదితో గీసి చేతికిచ్చేస్తారు, ఉండేది ఒక్కటే కాపీ, వేసినకొద్దీ అరిగిపోతుంది. ఇంట్లో గ్రామఫోన్ లేదు కాబట్టి స్నేహితుడి ఇంట్లో విని, అక్కడే వదిలేసి వచ్చేశాడు. మరుసటి ఏడాది జూలైలో అదే స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్, ఎల్విస్ పాడిన ఇంకో పాట అసిటేట్‌ని డబ్ల్యూహెచ్‌బీక్యూ రేడియోలో డీజేగా, అంటే రికార్డులు ఎంచి వేసే మనిషిగా ఉన్న డ్యూయీ ఫిలిప్స్‌కి ఇచ్చాడు (ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు). డ్యూయీ ఆ రాత్రి వేశాడు, ఫోన్లు మోగాయి, మళ్ళీ వేశాడు, ఇంకా మోగాయి, అలా పదేపదే వేస్తూ పోయి చివరికి టెన్షన్‌తో సినిమా హాల్లో దాక్కున్న కుర్రాణ్ణి పిలిపించి మైకు ముందు కూర్చోబెట్టాడు.

స్నేహితుడి ఇంట్లో ఉండిపోయిన ఆ మొదటి ప్లేటు 2015 జనవరిలో వేలానికొచ్చింది. 3 లక్షల డాలర్లకు పోయింది, కొన్నది సంగీతకారుడు జాక్ వైట్. అందులో పాట బాగుందనే అంత పెట్టారంటే నేను నమ్మను. రేడియోలో ఫోన్లు మోగిన ఆ రాత్రి లేకపోతే 1953 ప్లేటు ఎవరో కుర్రాడి సరదా, పాత సామానులో కలిసిపోయేది.

రేడియో చేసిన పని అదే: ఒకే పాటని, ఒకే క్షణంలో, ఒకరికొకరు తెలియని లక్షల మంది చెవిలో వేసింది. 1954 చివర్లో రీజెన్సీ టీఆర్-1 అనే ట్రాన్సిస్టర్ రేడియో 49.95 డాలర్లకు వచ్చాక ఆ చెవి హాల్లోంచి జేబులోకి మారింది, ఏం వినాలో పెద్దవాళ్ళని అడగాల్సిన పని పిల్లలకి తప్పింది. ఏ పాట వెయ్యాలో డీజే చేతిలో ఉండేది కాబట్టి ఆ చేతిలో డబ్బులు పెట్టడం కూడా మొదలైంది. దాన్ని పేయోలా అన్నారు, చెప్పకుండా డబ్బు తీసుకుని పాట వెయ్యడం నేరమని 1960లో అమెరికాలో చట్టం చేశారు, రాక్ అండ్ రోల్‌ని రేడియోలో మోగించిన అలన్ ఫ్రీడ్ కెరీర్ ఆ గొడవలోనే ముగిసిపోయింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఈ వస్తువులు ఎవరికీ విలువైనవి కావు. 1966లో బీటిల్స్ ఆల్బమ్ ఒకటి, తెల్ల కోట్లు, మాంసం ముక్కలు, తలలు ఊడిన బొమ్మలతో ఉన్న అట్టతో, విడుదలకి ముందే అమెరికా రేడియో స్టేషన్లకి వెళ్ళింది. అక్కడివాళ్ళు ఛీ అనేసరికి కాపిటల్ అనే రికార్డు కంపెనీ సరుకు వెనక్కి తెప్పించి, చాలా వాటి మీద వేరే బొమ్మ అతికించి మళ్ళీ అమ్మేసింది. ఇప్పుడు ఆ పై కాగితాన్ని ఆవిరి పట్టి ఊడదీయాలా, ముట్టుకోకుండా ఉంచాలా అని కలెక్టర్లు కొట్టుకుంటారు. వేలం సంస్థలు ఇటువైపు చూసింది చాలా ఆలస్యంగా. లండన్ సదబీస్ మొదటి రాక్ అండ్ రోల్ వేలం పెట్టింది 1981 డిసెంబర్‌లో. 1985లో బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ రంగురంగుల రోల్స్ రాయిస్ దాదాపు 23 లక్షల డాలర్లు పలికాక ఇక దీన్ని ఎవరూ పిల్లల సరదా అనలేదు. లెక్క చూడండి, 1964లో ట్రాన్సిస్టర్ చెవికి పెట్టుకున్న పదిహేనేళ్ళ పిల్లాడికి 1985కి ముప్పై ఆరేళ్ళు, అప్పుడప్పుడే చేతిలో డబ్బు ఆడే వయసు. 2019లో పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల గిటార్‌కి 39 లక్షల డాలర్లకు పైగా పెట్టినప్పుడూ, 2023లో క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పియానోకి 17 లక్షల పౌండ్లు పెట్టినప్పుడూ చేతులెత్తినవాళ్ళలో ఎక్కువమంది ఆ కాలపు శ్రోతలేనని నా అనుమానం. కొబేన్ తరానికి రేడియోతో పాటు టీవీ కూడా పని చేసిందనుకోండి, అదీ ప్రసారమే.

విచిత్రమేమిటంటే రేడియో తన సొంత సరుకుని దాచుకోలేదు. బ్రిటన్‌లో చాలాకాలం నీడిల్ టైమ్ అనే నియమం ఉండేది: రికార్డులు ఎక్కువగా వేస్తే వాద్యకారుల పొట్ట కొట్టినట్టేనని వాళ్ళ సంఘమూ, అమ్మకాలు పడిపోతాయని కంపెనీలూ పట్టుబట్టి, బీబీసీ రికార్డులు వేసే గంటల మీద పరిమితి పెట్టించాయి. 1988 దాకా అది నడిచింది. మిగతా సమయం నింపడానికి బీబీసీ బ్యాండ్లని స్టూడియోకి పిలిచి కొత్తగా వాయించుకునేది. 1962 నుంచి 1965 దాకా బీటిల్స్ అలా 52 రేడియో కార్యక్రమాల్లో వాయించారు. ఆ టేపుల్లో చాలావాటిని చెరిపి మళ్ళీ వాడేసుకున్నారు. తర్వాత ఆల్బమ్‌గా తేవాలనుకున్నప్పుడు ఇంట్లో రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టుకున్న శ్రోతల దగ్గర కూడా వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ నియమం చలవతోనే పుట్టినవి డీజే జాన్ పీల్ సెషన్లు. 1967లో బీబీసీ రేడియో 1 మొదలైనప్పట్నుంచి 2004లో చనిపోయేదాకా పీల్ అక్కడే ఉన్నాడు, ఊరూపేరూ తెలియని బ్యాండ్లని పిలిచి వాయింపించాడు. కుర్రాళ్ళు పంపిన రికార్డులతో, టేపులతో ఆయన ఇల్లు నిండిపోయింది. 2022 జూన్‌లో వాటిలో కొన్నింటిని బోనమ్స్ వేలం వేసింది. గిటార్ వాయించి కాకుండా, వేరేవాళ్ళ పాటలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి సామాను అది, నాకైతే కొబేన్ గిటార్ కన్నా ఈ వేలమే ఆసక్తి.

ఇక టవర్ల సంగతి. అమెరికాలో 1996 చట్టం దేశం మొత్తమ్మీద ఒకే కంపెనీకి ఇన్ని స్టేషన్లే అన్న హద్దు ఎత్తేసింది. పదుల స్టేషన్లున్న క్లియర్ ఛానెల్ కొద్ది ఏళ్ళలో 1,200 దాటింది, ఒకే గదిలో తయారైన పాటల జాబితా ఊరూరా మోగింది, చివరికి ఐహార్ట్ మీడియాగా పేరు మార్చుకుని, 2,000 కోట్ల డాలర్ల అప్పుతో 2018లో దివాలా కోర్టుకెళ్ళింది. అప్పుల్లో ఉన్న రేడియో కంపెనీకి కళ్ళముందు కనిపించే ఆస్తి నేల. ఏఎంలో టవరే యాంటెన్నా, దాని చుట్టూ భూమిలో రాగి తీగలు చక్రం ఆకుల్లా దూరందాకా పాతాలి, అందుకే ఎకరాలు కావాలి. ఊరవతల చవగ్గా కొన్న ఆ నేల చుట్టూ నగరం పెరిగింది, స్టేషన్ కన్నా స్థలం ఖరీదైపోయింది. బెథెస్డాలో జరిగింది అదే.

మిగతాచోట్ల వేరే దారులు. నార్వే 2017లో జాతీయ ఛానెళ్ళని ఎఫ్ఎం నుంచి తీసేసి డిజిటల్‌కి మార్చింది, స్విట్జర్లాండ్ ప్రభుత్వ రేడియో 2024 డిసెంబర్ 31న అదే చేసింది. ఎలక్ట్రిక్ కార్ల మోటార్లు ఏఎంలో గరగర పుట్టిస్తాయని కొన్ని కంపెనీలు కార్లలో ఏఎం తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తానని చెప్పి, గొడవయ్యాక 2023 మేలో వెనక్కి తగ్గింది. ప్రతి కొత్త కారులో ఏఎం ఉండి తీరాలని అప్పుడే అమెరికన్ కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. దాని తరఫున వాదించేవాళ్ళ మాటలు వింటే ఎక్కువగా వినిపించేవి తుపాను హెచ్చరికలు, కరెంటు, సెల్ టవర్లు పోయినప్పుడు అందే వార్తలు, రైతులకి ధరలు. ఏఎంలో ఇప్పుడు చాలాచోట్ల మాటలే కాబట్టి అది న్యాయమే, కానీ డ్యూయీ ఫిలిప్స్ ఎల్విస్ పాట వేసింది ఏఎంలోనే.